ఎడారి మీద వాన: కృష్ణా దిగువ డెల్టాలో కౌబాయ్ చిత్రాలూ నేల తరగతి తీర్పులూ

కృష్ణానది ఎడమగట్టున, ఉయ్యూరుకు పడమటి వైపున ఉన్న తోట్లవల్లూరు పాతకాలంలో వల్లూరు జమీందారీ వల్ల, ఈ కాలంలో మండల కేంద్రం కావడం వల్ల పేరు పొందిన ఊరే గాని, సినిమా చరిత్రకారులు తలచుకునే ఊరు కాదు. ఏటి నడుమ పాములలంక, తోడేళ్ళదిబ్బలంక, పిల్లివానిలంక వంటి లంక గ్రామాలు, గట్టుకు ఇవతల చెరకు, పసుపు, అరటి, కంద సాగయ్యే భూములు, కాలువల కింద వరి మాగాణులు గల ఈ ప్రాంతంలో సినిమాలు తయారు కాలేదు; ఎక్కడో తయారైన సినిమాలు పట్టణాలన్నీ తిరిగి చిట్టచివరకు చేరుకున్న తావుల్లో ఇది ఒకటి. సినిమా వ్యాపారంలో పెద్ద పట్టణాలను ఏ సెంటర్లనీ, చిన్న పట్టణాలను బి సెంటర్లనీ, పల్లెలనూ పల్లెల్లో వెలిసిన డేరా హాళ్ళనూ సి సెంటర్లనీ పిలిచే వాడుక ఉంది. ఏ సెంటర్లో ఒక చిత్రానికి దక్కిన ఆదరణ గురించి పత్రికల్లో ఎంతో కొంత నమోదు కాగా, సి సెంటర్లో నేల మీద కూర్చుని చూసినవారు ఇచ్చిన తీర్పు చాలావరకు కాగితానికి ఎక్కకుండానే పోయింది. తక్కువ ఖర్చుతో, ఒక్కొక్కసారి తక్కువ శ్రద్ధతో తీసిన కౌబాయ్ చిత్రాల విషయంలో ఆ తీర్పు ఎలా ఉండేదో, దాని వెనుక ఏ కొలతలు పనిచేసేవో పరిశీలించడం అవసరం. బాగా తీసిన చిత్రాన్ని మెచ్చుకునేటప్పుడు ప్రేక్షకులందరూ ఒక్కలాగే కనిపిస్తారు గాని, బాగా తీయని చిత్రం ముందు కూర్చున్నప్పుడు ఎవరి అభిరుచి ఏమిటో తేటపడుతుంది.

కౌబాయ్ అన్న మాటకు పశువుల కాపరి అని అర్థం. పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో పశువుల మందలను గుర్రాల మీద తోలుకుపోయిన కూలివారి బతుకు ముందు కథలుగా, తరువాత సినిమాలుగా మారి 'వెస్టర్న్' అనే చిత్రజాతి ఏర్పడింది. తెలుగువారు ఆ పేరు జోలికి పోకుండా దాన్ని 'కౌబాయ్ సినిమా' అనే పిలుచుకున్నారు. అయితే లంకల్లో పశువులను మేపే పాలేరు కుర్రవాడి చేతిలో ఉండేది ముల్లుగర్ర, భుజాన ఉండేది తువ్వాలు. తుపాకీకీ అతనికీ ఏ సంబంధమూ లేదు. డెల్టా పల్లెల్లో గుర్రమంటే బందరు, బెజవాడ వీధుల్లో జట్కా లాగే గుర్రమే. ఆ కారణంగా తెరమీది కౌబాయ్‌ను ఇక్కడి ప్రేక్షకులు పశువుల కాపరిగా ఎన్నడూ అనుకోలేదు. టోపీ, తోలు బూట్లు, నడుముకు తూటాల పటకా గల ఆ దేశదిమ్మరిని వారు జానపద కథలోని రాకుమారుడికి దగ్గరి చుట్టంగా చూశారు. ఈ చిత్రాలకు ఇక్కడ దొరికిన ఆదరణకూ, తరువాత ఎదురైన తిరస్కారానికీ మూలం ఈ చుట్టరికంలోనే ఉంది.

పల్లె ప్రేక్షకుడు సినిమా డేరాలోకి ఏ అలవాటూ లేకుండా అడుగుపెట్టినవాడు కాదు. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం మంచి పట్టున సాగుతుండగా జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దూరి ఊరి సంగతుల మీద వ్యాఖ్యానాలు చేయడం అతనికి తెలుసు. ఇదే జిల్లాలోని కూచిపూడి భాగవతులు ఆడే భామాకలాపంలో సత్యభామను మాధవి ప్రశ్నలతో నిలదీయడం తెలుసు. పద్యనాటకాల్లో, ముఖ్యంగా తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో, కృష్ణరాయబారం పద్యం నచ్చితే 'వన్స్‌మోర్' అని కేక వేసి మళ్ళీ పాడించుకోవడం, శ్రుతి తప్పితే అక్కడికక్కడే లేచి అనేయడం తెలుసు. ఆట చూసేవాడు నోరు మూసుకుని కూర్చోవాలన్న నియమం ఈ కళల్లో దేనిలోనూ లేదు. తెర మీద నటుడికి తన కేక వినబడదని తెలిసినా సినిమా డేరాలో ప్రేక్షకుడు కేక వేయడం మానలేదు. వినేది తెరమీది బొమ్మ కాదు, పక్కన కూర్చున్న ఊరివారు.

ఈ ప్రాంతానికి సినిమాతో ఉన్న బంధం కూడా చాలా పాతది. తెలుగు సినిమా పితామహుడిగా పేరొందిన రఘుపతి వెంకయ్య 1869లో మచిలీపట్నంలో పుట్టారు. మద్రాసులో ఫొటోగ్రాఫరుగా స్థిరపడిన ఆయన 1910లో క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని, అంటే చిన్న చిన్న చిత్రాలకు రికార్డు మీది శబ్దాన్ని జతచేసి చూపే సాధనాన్ని తెప్పించుకుని, దక్షిణాది పట్టణాలతో పాటు సింహళం, బర్మాల దాకా తిరిగి ప్రదర్శనలిచ్చారు. తరువాత మద్రాసులో గెయిటీ థియేటరు కట్టించారు. 1921లో విజయవాడలో పోతిన శ్రీనివాసరావు మారుతి సినిమాను ప్రారంభించడంతో ఆంధ్ర ప్రాంతంలో స్థిరమైన హాళ్ళ యుగం మొదలైంది. మూకీల కాలంలో దక్షిణాది హాళ్ళను నింపినవాటిలో అమెరికా సీరియల్ చిత్రాలు ముఖ్యమైనవి. గుర్రపుస్వారీలు, ముష్టియుద్ధాలు, రైలు మీది దూకుళ్ళు నిండిన ఈ చవక చిత్రాలను వారానికి కొన్ని భాగాల చొప్పున చూపేవారు. ఎడ్డీ పోలో వంటి నటులు ఈ దేశంలో ఇంటింటి పేర్లయ్యారు.

ఆ చిత్రాలను చూసి జనం ఏమనుకుంటున్నారన్న ప్రశ్న మొట్టమొదట ప్రభుత్వానికి వచ్చింది, అదీ అభిరుచి గురించిన పట్టింపుతో కాదు, భయంతో. చవకబారు అమెరికన్ చిత్రాల్లో తెల్లవారు దొంగలుగా, తాగుబోతులుగా, తెల్ల స్త్రీలు చులకనగా కనిపిస్తే పాలకుల పరువు పోతుందని ఆంగ్లేయ అధికారులు ఆందోళన పడ్డారు. 1927లో మద్రాసుకు చెందిన దివాన్ బహదూర్ టి. రంగాచారి అధ్యక్షతన ఏర్పడిన ఇండియన్ సినిమాటోగ్రాఫ్ కమిటీ దేశమంతా తిరిగి 353 మంది సాక్షులను విచారించి 1928లో నివేదిక ఇచ్చింది. ఆ భయాలకు పెద్దగా ఆధారం లేదన్నదే దాని సారాంశం. ప్రేక్షకుడు తెరమీద చూసినదాన్నల్లా నమ్మేసే అమాయకుడు కాడని ఒక అధికారిక పత్రం ఆనాడే ఒప్పుకున్నదన్నమాట. ఆ సంగతి తరువాతి కాలపు విమర్శకుల్లో చాలామందికి గుర్తులేకపోవడం విచారకరం.

మచిలీపట్నానికి సినిమా విమర్శలోనూ స్థానం ఉంది. 1902లో అక్కడ మొదలై ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో తెలుగునాట అత్యంత గౌరవం పొందిన కృష్ణాపత్రికలో, 1930ల్లో బందరు యువకుడు కమలాకర కామేశ్వరరావు 'సినిమా ఫాన్' అన్న పేరుతో సమీక్షలు రాశారు. ఆయనే తరువాత నర్తనశాల వంటి పౌరాణిక చిత్రాలకు దర్శకుడయ్యారు. ఒకే జిల్లాలో, ఒకే కాలంలో, రాతలో ఒక విమర్శ సంప్రదాయమూ నోటి మాటలో మరొక విమర్శ సంప్రదాయమూ పక్కపక్కన పెరిగాయి. మొదటిది గ్రంథాలయాల్లో దొరుకుతుంది. రెండోదాన్ని వెతకాలంటే టూరింగ్ టాకీసు లోపలికి వెళ్ళక తప్పదు.

టూరింగ్ టాకీసు అంటే తాత్కాలిక లైసెన్సు మీద ఒక ఊళ్ళో కొన్ని నెలలు ఆడి, గడువు తీరాక మరో ఊరికి తరలిపోయే డేరా హాలు. సంక్రాంతి ముందు కుప్పనూర్పులయ్యి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులు దానికి మంచి రోజులు. వానలు పట్టుకుంటే దాని పని అయిపోయినట్టే. సరుగుడు గుంజలు, గుడారపు గుడ్డ, చుట్టూ తడికలు, వెనుక వరసల్లో కుర్చీలు, వాటి ముందు బెంచీలు, తెర దగ్గర ఇసుక పరచిన నేల. ఆడవారికి మధ్యలో తడిక కట్టి వేరే భాగం. పగలంతా ఒంటెద్దు బండికో రిక్షాకో వాల్‌పోస్టర్ల తట్టీలు కట్టి, మైకులో సినిమా పేరు చెబుతూ, కరపత్రాలు విసురుతూ ఊరూరా తిరిగేవారు. సాయంత్రం లౌడ్‌స్పీకరులో ఘంటసాల పాడిన వేంకటేశ్వర భక్తిగీతం మొదలైతే టికెట్లు ఇస్తున్నారని చుట్టుపక్కల ఊళ్ళకు తెలిసిపోయేది. నేల టికెట్టు కొన్నవాడు లోపలికి రాగానే చేసే మొదటి పని ఇసుకను రెండు చేతులా దగ్గరకు లాగి చిన్న గుట్టగా పోసుకుని దాని మీద కూర్చోవడం. ముందువాడి గుట్ట ఎత్తయితే వెనుకవాడికి తెర కనబడదు, వెనుకవాడు తన గుట్టను మరింత పెంచుతాడు, ఆట మొదలయ్యేసరికి నేలంతా చిన్న చిన్న దిబ్బలతో ఏటి పాయలో తేలిన లంకల్లా ఉండేది. తమిళ పండితుడు కార్తిగేసు శివత్తంబి, కులాల వారీగా విడివిడిగా బతికిన జనం ఒకే కప్పు కింద కూర్చున్న మొదటి ప్రదర్శనశాల సినిమా హాలేనని చెప్పిన మాట ఈ ఇసుక నేలకు కూడా వర్తిస్తుంది. అక్కడ తేడా టికెట్టు వెలదే.

డేరా హాళ్ళలో సాధారణంగా ఒక్కటే ప్రొజెక్టరు ఉండేది. వెయ్యి అడుగుల రీలు నిమిషానికి తొంభై అడుగుల చొప్పున తిరిగి పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. రెండేసి రీళ్ళను ఒక చుట్టగా అతికినా ఇరవై రెండు నిమిషాలకు ఒకసారి యంత్రం ఆపి చుట్ట మార్చవలసిందే. నగరపు హాల్లో ఒక విరామం ఉంటే ఇక్కడ ఐదారు విరామాలు ఉండేవి. లైట్లు వెలిగేవి, సోడాలు, వేయించిన శనక్కాయలు, జంతికలు అమ్మేవాళ్ళు వరసల మధ్య తిరిగేవారు, అప్పటిదాకా చూసినదాని మీద వాదం మొదలయ్యేది. పల్లె ప్రేక్షకుల సినిమా విమర్శ అంతా పుట్టిపెరిగింది ఈ చుట్టల మార్పుల్లోనే. చిత్రం నగర ప్రేక్షకుణ్ణి కథలో ముంచి చివరి వరకూ ఊపిరాడనివ్వకుండా లాక్కుపోగలదు. ఇక్కడి ప్రేక్షకుడు మాత్రం ఇరవై నిమిషాలకొకసారి ఒడ్డుకు వచ్చి, తాను చూసినదాన్ని తూచుకుని, మళ్ళీ దిగేవాడు. లోపం దాచుకోవడానికి వేగం మీద ఆధారపడే చిత్రాలకు ఇంతకంటే గట్టి పరీక్ష మరొకటి లేదు.

దీనికి తోడు ప్రింటు సంగతి ఒకటుంది. విజయవాడ గాంధీనగర్‌లోని పంపిణీదారుల ఆఫీసుల నుంచి బాక్సు, అంటే రీళ్ళ పెట్టె, మొదట పట్టణాలకు పోయి, నెలల తరబడి ఆడి, అరిగి, తెగి, అతుకులు పడి సి సెంటర్లకు వచ్చేది. తెర మీద నిలువు గీతలు ఎడతెగకుండా జారుతుంటే దాన్ని వాన పడటం అనేవారు. తెగిన చోట కొన్ని అడుగులు కత్తిరించి అతికించడం వల్ల మాట మధ్యలో మాట, దెబ్బ పడకుండానే పడిపోయే మనిషి కనిపించేవి. కనుక ఒక చిత్రం బాగాలేదన్న కేక ఎప్పుడూ మూడు దిక్కులకు పోయేది: తీసినవాడికి, ప్రింటు పంపినవాడికి, ఆడించినవాడికి. అందరికంటే దగ్గరగా ఉన్నవాడు ఆపరేటరు గనుక ముందు తిట్లు అతనికే తగిలేవి. అయినా ఏ తప్పు ఎవరిదో జనానికి స్పష్టంగా తెలుసు. మసకగా ఉంటే 'ఫోకస్' అనీ, మాట వినబడకపోతే 'సౌండు' అనీ, కార్బన్ కడ్డీ కాలిపోయి వెలుగు తగ్గితే 'ఆపరేటరూ, లైటు' అనీ విడివిడిగా అరిచేవారు.

కౌబాయ్ చిత్రాలు రావడానికి ముందే చవక సాహస చిత్రాలతో ఈ ప్రేక్షకులకు పరిచయం ఉంది. 1935లో వాడియా మూవీటోన్ తీసిన హంటర్‌వాలీలో కొరడా పట్టి గుర్రమెక్కిన నాడియా దేశమంతటా పల్లెజనాన్ని ఆకట్టుకుంది. తెలుగులో ఆ స్థానాన్ని కాంతారావు కత్తియుద్ధాల చిత్రాలూ, విఠలాచార్య జానపదాలూ భర్తీ చేశాయి. విఠలాచార్య పెట్టుబడి విషయంలో ఎంతో పొదుపరి. ఒక సెట్టుకు రంగులు మార్చి మళ్ళీ మళ్ళీ వాడుకోవడం ఆయనకు పరిపాటి. నేల ప్రేక్షకుడికి ఆ సంగతి తెలియక కాదు. అట్టలతో చేసిన కోట, దారాలతో ఆడే దెయ్యం కనబడుతూనే ఉన్నా, తోలుబొమ్మకు కట్టిన పుల్ల కనబడుతోందని రాముణ్ణి కాదనని ప్రేక్షకుడికి అదొక లోపంగా తోచలేదు. చవకదనాన్ని క్షమించే ఈ గుణాన్ని పట్టణ విమర్శకులు అభిరుచి లేకపోవడంగా భావించారు. అది పొరపాటు.

1964లో ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ స్వల్ప పెట్టుబడితో స్పెయిన్‌లోని ఎండు నేలల్లో తీసిన 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' కౌబాయ్ చిత్రాల తీరునే మార్చింది. ఆ బాటలో వచ్చిన ఇటలీ చిత్రాలను అమెరికా విమర్శకులు మొదట ఎకసెక్కంగా, ఇటలీవారు తినే సేమ్యా వంటి వంటకం పేరు జోడించి 'స్పఘెట్టీ వెస్టర్న్' అన్నారు. కొంతకాలానికి అదే గౌరవమైన పేరుగా నిలబడింది. 1969లో జె. లీ థాంప్సన్ దర్శకత్వంలో వచ్చిన 'మెకన్నాస్ గోల్డ్' కథ మరొకలాంటిది. గ్రెగరీ పెక్, ఒమర్ షరీఫ్ నటించిన ఆ భారీ చిత్రాన్ని సొంత దేశంలో ప్రేక్షకులూ విమర్శకులూ తిరస్కరించగా, భారతదేశంలో అది ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ విడుదలై ఆడింది. ఈ తేడాకు కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. కథకు కేంద్రం బంగారపు లోయ. పాత కోటల దగ్గర లంకెబిందెలున్నాయన్న మాట వింటూ పెరిగిన ప్రేక్షకుడికి నిధి వేట పరాయి కథ కాదు. అమెరికా పటం తెలియకపోయినా దారి చూపే పటం కోసం ప్రాణాలు తీసుకోవడం అర్థమవుతుంది.

ఈ నాడిని పట్టుకున్న తెలుగు చిత్రం 1971 ఆగస్టు 27న విడుదలైన 'మోసగాళ్ళకు మోసగాడు'. తోట్లవల్లూరుకు ఏటి అవతల, తెనాలి పక్కనున్న బుర్రిపాలెంలో పుట్టిన ఘట్టమనేని కృష్ణ కథానాయకుడు. ఆయన సోదరుడు ఆదిశేషగిరిరావు నిర్మాత. పద్మాలయా సంస్థ మొదటి చిత్రం 'అగ్నిపరీక్ష' దెబ్బతిన్న తరువాత తీసిన చిత్రమిది. సుమారు ఏడు లక్షల రూపాయల్లో పూర్తయిన ఈ చిత్రానికి కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రాహకుడు, ఆదినారాయణరావు సంగీత దర్శకుడు. కథ, మాటలు సమకూర్చినవారు 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన ఆరుద్ర. పరదేశపు చిత్రజాతిని ఆరుద్ర తెలుగు నేలకు తెచ్చిన తీరు గమనించదగింది. పరదేశీ సైన్యాలు సంస్థానాలను కబళిస్తున్న కాలంలో అమరవీడు అనే సంస్థానపు నిధి కోసం సాగే వేటగా ఆయన కథ అల్లారు. నాగభూషణం ధరించిన పాత్రకు 'నక్కజిత్తుల నాగన్న' అని పేరు పెట్టారు. థార్ ఎడారి, బికనీరు కోట, సిమ్లా పరిసరాల్లో తీసిన దృశ్యాల వల్ల చిత్రానికి ఖర్చుకు మించిన విస్తారం వచ్చింది. తరువాత దీన్ని 'ది ట్రెజర్' పేరుతో ఆంగ్లంలోకి కూడా మార్చారు.

ఈ విజయం తరువాత కౌబాయ్ వేషం, తుపాకీ, గుర్రం ఒక మూసగా మారాయి. దాస్ స్వయంగా ఎడిటింగు నుంచి దర్శకత్వానికి వచ్చినవారు, వేగంగా, పొదుపుగా తీయగల నేర్పరి. 1970లో విజయలలితతో తీసిన 'రౌడీరాణి', 1972లో 'పిస్టల్‌వాలీ', 1973లో కృష్ణతోనే 'మంచివాళ్ళకు మంచివాడు' ఆయన చేతి చిత్రాలే. ఆయన పనితనం సంగతి 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు' పోరాట దృశ్యాలను ఆయనకే అప్పగించడం వల్ల తెలుస్తుంది. కాని ఆ నేర్పూ, ఆ శ్రద్ధా లేనివారు కూడా టోపీలు, తోలు చొక్కాలు అద్దెకు తెచ్చి అదే మూసలో చిత్రాలు చుట్టేశారు. తమిళం నుంచి అనువాదమై వచ్చినవి కొన్ని, తెలుగులోనే తీసినవి కొన్ని. రాజస్థాన్ పోయే స్తోమత లేక మద్రాసుకు దగ్గరి రాతిగుట్టల్లోనో, స్టూడియో ఆవరణల్లోనో ఎడారి సృష్టించిన ఈ చిత్రాలు సి సెంటర్లను దృష్టిలో పెట్టుకునే తయారయ్యాయి. పల్లెవాళ్ళు దేన్నయినా చూస్తారన్న నమ్మకం వాటి పెట్టుబడి.

ఆ నమ్మకం ఎక్కడ దెబ్బతిన్నదో చూడాలంటే లోపాలను ఒక్కొక్కటిగా దగ్గరి నుంచి పరిశీలించాలి. తక్కువ ఖర్చు చిత్రాల్లో రాత్రి దృశ్యాలను పగలే తీసి, కటకానికి నీలి ఫిల్టరు పెట్టి రాత్రిగా చూపేవారు. నగరంలో వీధిదీపాల కింద తిరిగేవాడు దాన్ని పట్టించుకోకపోవచ్చు. కాలువ నీటి వంతు కోసం అర్ధరాత్రి పార భుజాన వేసుకుని చేలగట్ల మీద నడిచే రైతుకు వెన్నెల నీడ ఎలా ఉంటుందో, ఎండ నీడ ఎలా ఉంటుందో ఒకరు చెప్పనక్కరలేదు. మనిషి కాళ్ళ కిందే కుదించుకున్న నీడను చూపి నడిరేయి అంటే అతను ఒప్పుకోడు. గుర్రాలు ఇసుకలో పరుగెత్తుతుంటే వెనుక నుంచి రాతిబాట మీద డెక్కల చప్పుడు వినిపించేది. ఇసుక తిన్నెల మీద ఎడ్ల బండి తోలి రేవు దాటే లంకవాళ్ళకు ఇసుక మీద చప్పుడుండదని తెలుసు. ఆరు తూటాల పిస్తోలు పదిహేనుసార్లు పేలితే నేల మీది కుర్రాళ్ళు గొంతెత్తి లెక్కపెట్టేవారు. గుర్రం మీంచి పడేవాడు కథానాయకుడు కాడని, అతని బదులు దెబ్బలు తినే 'డూప్' అని, జుట్టు, టోపీ చూడగానే పట్టేసేవారు. ఒకే పరుగు దృశ్యాన్ని మూడుచోట్ల అతికిస్తే, చుట్ట మార్పులో ఎవరో ఒకరు ఆ బండరాయిని ఇందాకే చూశామని చెప్పేవారు, మిగిలిన డేరా అంతా నవ్వేది.

ఈ నవ్వును జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. డూప్ కనబడినందుకు నవ్వినవారే, అదే డూప్ నిజంగా గుర్రం మీంచి దూకితే ఈల వేసి చిల్లర విసిరేవారు. ప్రాణం పణంగా పెట్టిన ఆ పేరు తెలియని మనిషి శ్రమకు వారు అక్కడే విలువ కట్టేవారు. సరంజామా చవకదైనా గట్టి పట్టున్న పోరాటం, నిజాయితీ గల ద్వేషం, మాటల్లో పదును ఉంటే బొమ్మ ఆడేది. సహించలేకపోయింది ఒక్కటే: చూసేవాడికి తెలియదులే అన్న అశ్రద్ధ. చూపిన దృశ్యాన్నే తిప్పి చూపడం, కథను మధ్యలో వదిలేసి పాట పెట్టడం, నిధి చుట్టూ మూడు గంటలు తిప్పి చివరకు తెరవని పెట్టె చూపడం వంటివి వారికి తమను మోసం చేయడంగా తోచేవి. 'ఫైటింగులున్నాయి, కథ లేదు' అన్నది ఒక తీర్పు. 'సొద' అన్నది మరొకటి. 'డబ్బులు దండగ' అన్నది అన్నిటికంటే కఠినమైనది, ఎందుకంటే ఆ డబ్బు ఒక పూట కూలిలోంచి తీసినది. ఒకరి పేదతనాన్ని మరొక పేదవాడు తప్పుపట్టలేదు, అశ్రద్ధను తప్పుపట్టాడు. పత్రికల్లోని సమీక్షల్లో ఇంత స్పష్టమైన విచక్షణ తరచుగా కనబడదు.

తడికకు అవతల కూర్చున్న స్త్రీల స్పందన వేరుగా ఉండేది. నిధి, తుపాకీ, పగ చుట్టూ తిరిగే ఈ చిత్రాల్లో కుటుంబం లేదు, అత్తాకోడళ్ళు లేరు, మనసు కరిగే సన్నివేశం లేదు. పాతివ్రత్య కథలకు, అన్నాచెల్లెళ్ళ కథలకు బండ్లు కట్టుకుని వచ్చిన ఆడవారు కౌబాయ్ బొమ్మలకు అంతగా వచ్చేవారు కాదు. వ్యాపారంలో దీని ఫలితం తీవ్రమైనది, ఎందుకంటే కుటుంబంతో వచ్చేవాడు నాలుగు టికెట్లు కొంటాడు. అయితే తనవారిని చంపినవారి మీద పగ తీర్చుకునే స్త్రీని కథానాయికగా నిలబెట్టిన రౌడీరాణి విజయం పొంది, 1972లో 'రాణీ మేరా నామ్'గా హిందీకి వెళ్ళడం ఒక విశేషం. కొరడా పట్టిన నాడియా తరువాత, పిస్తోలు పట్టిన విజయలలిత, జ్యోతిలక్ష్మి పల్లె తెరల మీద నిలిచారు. ఆ చిత్రాలను మగవారి వినోదంగానే లెక్కకట్టి వదిలేయడం చరిత్రకు న్యాయం చేయదు. మగవాడి చేతుల్లో దెబ్బ తిని ఊరుకోని ఆడమనిషి తెర మీద కనిపించడం తడిక అవతలివారికి చిన్న విషయం కాదు.

ఈ తీర్పులు నమోదైన చోటు ఒక్కటే ఉంది, అది అక్షరాల్లో కాక అంకెల్లో ఉంది. పంపిణీదారు తరఫున బాక్సు వెంట వచ్చే ప్రతినిధి ఏ ఆటకు ఏ తరగతిలో ఎన్ని టికెట్లు తెగాయో రోజూ రాసి పంపే పట్టికను సినిమావారు డి.సి.ఆర్. అంటారు, అంటే రోజువారీ వసూళ్ళ నివేదిక. మొదటి ఆట చూసి బయటికొచ్చినవారి మాట రెండో ఆట వరసలో నిలబడ్డవారి చెవిన పడేది; బొమ్మ నచ్చకపోతే ఆ రాత్రికే నేల టికెట్ల గడిలో అంకె పడిపోయేది, మరునాటికి పోస్టరు మీద 'నేటితో ఆఖరు' చీటీ అతికేది. పట్టణంలో పేరున్న సమీక్షకుడు వారం తరువాత చెప్పే మాటను ఊరు ఒక్క రాత్రిలో చెప్పేసేది. అలాంటి కాగితాలను దాచిపెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవడం వల్ల ఒక తరం పల్లెజనపు అభిరుచి చరిత్ర చిత్తుకాగితాల్లో కలిసిపోయింది. ఇది తెలుగు సినిమా చరిత్రకు జరిగిన పెద్ద నష్టం.

కౌబాయ్ మూస ఆ తరువాత కూడా అప్పుడప్పుడు తెర మీదికి వచ్చింది. గుడివాడ దగ్గరి కౌతవరంలో 1935లో పుట్టి, మోసగాళ్ళకు మోసగాడులో నటించిన కైకాల సత్యనారాయణ కుటుంబం నుంచే 1990లో చిరంజీవి కథానాయకుడుగా, కె. మురళీమోహనరావు దర్శకత్వంలో 'కొదమసింహం' వచ్చింది. అది భారీ ఖర్చు చిత్రం. 2002లో కృష్ణ కుమారుడు మహేష్‌బాబుతో జయంత్ సి. పరాన్జీ తీసిన 'టక్కరి దొంగ' సాంకేతికంగా మెప్పు పొంది కూడా వసూళ్ళలో ఆశించిన ఫలితం ఇవ్వలేదు. అప్పటికి డేరాలు లేవు. టీవీలు, వీడియో క్యాసెట్లు 1980ల్లోనే వాటి పునాది కదిలించాయి. తడికలు విప్పుకుపోయిన స్థలాలు మళ్ళీ కళ్ళాలో, ఇళ్ళ స్థలాలో అయ్యాయి.

2022 నవంబరు 15న కృష్ణ మరణించారు. ఆ మరుసటి ఏడు మే 31న, ఆయన జయంతినాడు, మోసగాళ్ళకు మోసగాడును 4కె నాణ్యతలో శుభ్రపరిచి హాళ్ళలో మళ్ళీ విడుదల చేశారు. వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణంలోని థార్ ఎడారి ఒక్క గీత కూడా లేకుండా, పొడిగా, తెల్లటి ఎండలో కనిపించింది. తోట్లవల్లూరు వంటి ఊళ్ళలో ఇసుక గుట్టల మీద కూర్చుని ఆ బొమ్మ చూసినవారికి మాత్రం, బికనీరు కోట మీదా, గుర్రాల మీదా, నాగన్న టోపీ మీదా మొదటి రీలు నుంచి చివరి రీలు దాకా వాన పడుతూనే ఉండేది.